ఆవిరి మిషన్ స్విచ్చిలో కారం

మా అక్క ప్రత్తిపాడులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆమెకు ఉబ్బసం. కోతల రోజుల్లో ఘాటుకు ఊపిరి అందకపోతే ఇంటికొచ్చి మందును ఆవిరిగా పీల్చే మిషన్, నెబులైజర్ పెట్టుకుంటుంది. ఆ మధ్యాహ్నం అది పలకలేదు.

"ఒరేయ్... మిషన్... చూడరా" అంది గుమ్మం పట్టుకుని. మాటకూ మాటకూ మధ్య ఈల.

ఆటోలన్నీ మిరప బస్తాలతో గుంటూరు యార్డుకు పోయాయి. ఏదైనా బండి దొరుకుతుందేమోనని పక్కింటి పిన్ని రోడ్డుమీదకు పరిగెత్తింది.

మా శాఖా గ్రంథాలయంలో కరెంటు సామాన్ల మీద నేను చదవని పుస్తకం లేదు. అదే ప్లగ్గులో ఫోను ఛార్జర్ పెట్టి చూశాను, ఎక్కింది. మిషన్ స్విచ్చిని బలంగా అదిమితే మోటారు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. అంటే వైరూ మోటారూ బాగానే ఉన్నాయి. స్విచ్చి లోపల రేకు రేకును తాకడం లేదు.

ప్లగ్గు పీకి, స్క్రూలు విప్పాను. లోపల ఎర్రటి జిగురు. మంట తెలియకుండా తొడిమలు తీసేవాళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. అక్క ఆ నూనె, కారం చేతులతోనే రోజూ స్విచ్చి నొక్కింది. కంగారులో ఉఫ్‌మని ఊదాను. చుట్టూ ఉన్న పొడికారం నా కళ్లలో పడింది.

"నేనింకా... పోలేదు. అప్పుడే ఏడుస్తావేంట్రా?"

నవ్వలేకపోయాను. ఆమె పెదవులు నల్లబడుతున్నాయి. దళసరి కాగితం మడిచి రేకుల మధ్య పెట్టి లాగాను, ఎర్రగా వచ్చింది. బిగించి, ప్లగ్గు పెట్టి నొక్కితే మిషన్ ఆడింది. అక్క మాస్కు పెట్టుకుందో లేదో, మళ్లీ ఆగింది. రేకు వంగి, పైకి లేవడం మానేసింది.

ఇక స్విచ్చిని నమ్మలేదు. మళ్లీ ప్లగ్గు పీకి, స్విచ్చికున్న రెండు వైర్లూ ఊడదీసి, ఒకదానికొకటి మెలేసి టేపు చుట్టాను. ప్లగ్గు పెట్టి గోడ స్విచ్చి వేశాను. మోటారు అందుకుంది.

"ఈ పని... ముందే చెయ్యకూడదూ" అంది మాస్కులోంచి.

మోటారు మోతలో ఆమె ఈల నాకు వినబడలేదు. తగ్గిందో, ఊపిరే ఆగిందో తెలియలేదు. కారం మంటకు నా కళ్లు ఇక తెరుచుకోవడం లేదు. ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. పిన్ని బండి తెచ్చి హారన్ కొట్టిస్తున్నా చెయ్యి తియ్యలేదు. కాసేపటికి ఆ ఎగరడం కొంచెం నెమ్మదించింది.