ఆరు రేకుల లేసు

అమ్మ పెట్టె మూత తీస్తే ఇప్పటికీ ముందుగా వట్టివేళ్ళ వాసన వస్తుంది. అడుగున పాత చీరముక్కలో నా పదో ఏట ఆమె అల్లిన గుండ్రటి లేసు ఉంది. మొన్న దాన్ని విప్పి చూస్తే ఒక రేకును ఎలుక కొట్టేసింది.

నరసాపురంలో మా వీధి ఆడవాళ్ళందరిదీ లేసు పనే. వానాకాలం లోపలి గదిలో, ఎండాకాలం అరుగు మీద ముంజలు తింటూ, క్రిస్మసుకు పొయ్యి మీద అరిసెల పాకం ఉడుకుతున్నా సరే, చేతిలో సూది ఆడుతూనే ఉండేది. అమ్మకు అక్షరం ముక్క రాదు గాని ముడుల లెక్క ఏనాడూ తప్పేది కాదు. నాన్న మిషను బడిలో పంతులు. అక్కడ పదేళ్ళు నిండిన ఆడపిల్లల్ని లెక్కలు మాన్పించి లేసు గదికి పంపేవారు. కాలువ పడవలో వచ్చే ఇన్‌స్పెక్టరు గారి ముందు నెగ్గితేనే తరగతిలో ఉండనిచ్చేవారు. నాకు లెక్కలంటే ప్రాణం.

ఆ పరీక్షకు నన్ను తయారు చేద్దామని నాన్న పలక మీద 1,42,857 వేసి మూడుతో గుణించమన్నారు. 4,28,571 వచ్చింది. అయిదుతో అయితే 7,14,285. అవే అంకెలు, అదే వరస, మొదలు మాత్రం వేరు. నాకు వరస గుర్తుండడం లేదని అమ్మ ఆరు రేకులు అల్లి, వాటికి ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు చొప్పున ముడులు వేసింది. జవాబులో చివరి అంకె తెలిస్తే చాలు, దాని తర్వాతి రేకు నుంచి చుట్టూ చదువుకుపోవడమే.

"ఏదీ, నీకొచ్చిన లెక్కొకటి చూపించమ్మా" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. నాన్న నేర్పిన అంకె వేసి, లేసును ఒళ్ళో తిప్పుకుంటూ, రెండు నుంచి ఆరు దాకా ఆయన దేనితో గుణించమన్నా చెప్పాను. ఆయన నవ్వి, ఏడుతో గుణించమన్నారు. చివరి అంకె ఏడు కదా, ఏడేళ్ళు నలభై తొమ్మిది. తొమ్మిది ముడుల రేకు కోసం రెండు చుట్లు వెతికాను.

"దీనికి జవాబు లేదండీ" అన్నాను.

గదంతా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మర్నాటి నుంచి నాది లేసు గది.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే అమ్మ లేసు అందుకుని ఎదురెదురు రేకుల మీద వేళ్ళు పెట్టింది.

"ఒకటీ ఎనిమిదీ తొమ్మిది, నాలుగూ అయిదూ తొమ్మిది, రెండూ ఏడూ తొమ్మిది. తొమ్మిది లేకపోవడమేంటే, ఎటు చూసినా తొమ్మిదే కదే!" అంది.

నాన్న పలక తీసి ఏడుతో గుణించారు. 9,99,999. ఆయన చాలాసేపు పలకను కాదు, అమ్మను చూశారు. అమ్మను మాత్రం ఏ ఇన్‌స్పెక్టరు గారి ముందూ ఎవరూ నిలబెట్టలేదు. నేను ఓడిపోయినదాని కంటే నాకు అదే ఎక్కువ బాధ.

నాన్న పలక పగిలిపోయింది. ఆ తరగతి గదిలో ఇప్పుడు ధాన్యం బస్తాలున్నాయి. అమ్మ పోయి మూడేళ్ళయింది. నిన్న లేసు బాగుచేద్దామని కూర్చుంటే, ఎలుక కొట్టిన రేకుకు ఎన్ని ముడులో గుర్తు రాలేదు. ఎదుటి రేకుకు రెండున్నాయి. అమ్మ పక్కనుండి చెప్పినట్టే ఏడు వేశాను.