కొట్టుకోని గుండె

కోదాడ దవాఖానలో గుండె తీసిన నిమిషం నుంచి మాకున్నది నాలుగు గంటలు. ఆలోగా అది హైదరాబాద్‌లో ఇంకొకరి ఛాతీలో కొట్టుకోవాలి. ఆ మనిషిది మిర్యాలగూడ అని మాత్రమే విన్నాను. అంబులెన్స్ నడిపేది నేను. వెనక డాక్టరమ్మ, ఆమె ముందు మంచుపెట్టె. అందులో మూడు సంచుల లోపల, చల్లటి మందునీళ్లలో గుండె.

ఇంకాసేపట్లో సూర్యాపేట అనగా రోడ్డు ఆగిపోయింది. తడిసిన వడ్లు కొనడం లేదని మోతె రైతులు ట్రాక్టర్లు అడ్డం పెట్టారు. బండిలో గుండె పోతోందని ముందున్న పోలీసులు ఎంత చెప్పినా కదలరు.

"నిన్న గూడ అంబులెన్సే అన్నరు. సూస్తే లోపల లీడరు కూసున్నడు!" అని ఒక రైతు అరిచాడు.

నేను దిగాను. "జరగండి" అన్నాను. చిన్నప్పుడు మా గడీలో, ఆ దొరల బంగళాలో, విన్న తాత గొంతే నా నోట వచ్చింది. నిలబడ్డవాళ్లు కూడా రోడ్డు మీద కూర్చున్నారు.

ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. "ఓహో, దొర మనుమడా! మీ తాత గూడ మా భూములకు పట్టాలిస్తనని మాటిచ్చిండు. ఇచ్చిండా?"

అందరూ నవ్వారు. గడీ కూలినా, భూములు పోయినా నా వెన్ను వంగలేదు. అప్పుడూ వంగలేదు.

ముసలాయన అంబులెన్స్ వెనక తలుపు తెరిచి పెట్టెకు చెవి ఆనించాడు. "సప్పుడే లేదు. పానమున్న గుండె కొట్టుకోదా? మూత తియ్యి, సూస్తం."

డాక్టరమ్మ పెట్టెను కావలించుకుంది. "తీయకూడదు తాతా! క్రిములు పడితే గుండె పనికిరాదు." నా వైపు తిరిగింది. "పది నిమిషాలు పోయాయన్నా. దారి రెండు గంటలు, కుట్టడానికి గంట."

చేతులు జోడించాను. తల దానంతట అదే వంగింది.

"పెద్దయ్యా, విత్తనం వడ్లు బస్తాల కదులుతయా? సచ్చినయంటమా? చల్లగ పెడితే ఇది గూడ గట్లనే నిద్రల ఉంటది. ఆలస్యమైతే ఇగ లేవది. మా తాత మాట తప్పిండు, నిజమే. నేను మాట తప్పను."

తాత గురించి ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు.

ముసలాయన గుంపు వైపు తిరిగాడు.

"ట్రాక్టర్ ఎనకకు తియ్యిర్రి! దొరా, కొట్టుకుంటే వచ్చి చెప్పాలె. చెప్పకుంటే రేపు నీ బండి గీడనే ఆపుత."

సాయంత్రం తిరిగి వస్తుంటే వాళ్లింకా అక్కడే ఉన్నారు. బండి ఆపి దిగాను.

"కొట్టుకుంటున్నది పెద్దయ్యా. డాక్టరమ్మ ఫోన్ చేసింది."

ఆయన పరుచుకున్న గోనెసంచి మీద పక్కకు జరిగాడు.

"కూసో దొరా. మా వడ్లయితే ఇంకా కొంటలేరు."

కూర్చున్నాను.