నాలా దాటించిన అయిదు మిల్లీమీటర్ల ప్లేటు

అటుకిందటి ఏడాది డిసెంబరులో నేనూ నా భార్య సత్యవతీ ఒక కుట్టుమిషను జీపులో వేసుకుని, మా ఊరికి గంట దూరంలోని కోటా అవతలి అడవి పల్లెకు బయలుదేరాం. చేరలేదు. పల్లెకు రెండు కిలోమీటర్ల ముందు ఒక నాలా, అంటే వాగు, ఉంది. నీళ్ళు చీలమండల లోతే కాని అడుగున అన్నీ బండలు. వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా, డిఫరెన్షియల్‌కి ఒక బండ కొట్టుకుని దాని మూత పగిలింది. నూనె నీళ్ళపాలైంది. ట్రాక్టరుతో లాగించుకుని వెనక్కి వచ్చాం. సత్యవతి మూడేళ్ళు బస్సులోనూ ఎడ్లబండిలోనూ ఆ పల్లెకు వెళ్ళి ఆరుగురు ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పింది. మేం పాత జీపు కొన్నాక, తన మిషను అందులో తెచ్చి ఇస్తానని వాళ్ళకు మాట ఇచ్చింది. ఆ వచ్చిన ఏప్రిల్లో ఆమె పోయింది. మిషనుని ఎడ్లబండిలో పంపేయమన్నారు చాలామంది. ఆమె జీపులో తెస్తానంది కనుక జీపులోనే తీసుకెళ్ళాలనుకున్నాను. ఇలాంటి దారుల్లో బండి నడిపేవాళ్ళకు పనికొస్తుందని, అలా తీసుకెళ్ళిన రోజు సంగతి రాస్తున్నాను.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒక శనివారం ఆఫీసుకు సెలవు పెట్టాను. మేముండే తార్‌బహార్‌లో మా పక్కింటి అప్పారావన్న తోడొచ్చాడు. లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనవాళ్ళూ మావాళ్ళూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి రైల్వే పనికి వచ్చినవాళ్ళే. పదింటికి వ్యాపార్ విహార్ బజారులో జీపు సామాన్ల దుకాణంలో ఉన్నాం. దుకాణదారు ముందుగా అల్యూమినియం మూత తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగువేల రెండువందలు.

"చూడండి భాయీసాబ్, ఎలా మెరుస్తోందో! నూనె కూడా చల్లగా ఉంటుంది" అన్నాడు హిందీలో.

అప్పారావన్న దాన్ని వేలితో కొట్టి, నాతో తెలుగులో అన్నాడు: "బండి కిందుండేదానికి మెరుపెందుకు? కప్పలు సూసి మెచ్చుకుంటాయేటి?"

ఏమన్నాడని దుకాణదారు అడిగాడు. ధర ఎక్కువంటున్నాడని చెప్పాను. తారురోడ్డు మీద దూరాలు బరువు లాగే బండికి అల్యూమినియం మంచిదే. బండకు తగిలితే మాత్రం పగిలే భయం ఎక్కువ. ఉక్కయితే సొట్టపడి ఊరుకుంటుంది. అందుకని మందపాటి ఉక్కు మూత తీసుకున్నాం. దాని అంచు గట్టులా లేచి ఉంటుంది, బోల్టు తలలు ఆ గట్టు చాటున ఉంటాయి. తలలు బయటికి ఉన్న మూత కొనవద్దు, మొదటి రాయే వాటిని నరికేస్తుంది. మూత, గ్యాస్కెట్టు, గేర్ ఆయిలు అన్నీ కలిపి రెండువేలు అయింది. అతుకేసి నడుపుతున్న పాత మూత విప్పి అప్పారావన్న అక్కడే కొత్తది బిగించాడు.

రాళ్ళ దెబ్బ తగలకుండా ఇంజను, గేర్‌బాక్సుల కింద బిగించే స్కిడ్ ప్లేటు మా జీపుకి సరిపోయేది దొరకలేదు. ముందురోజే అప్పారావన్న తార్‌బహార్ వెల్డింగ్ షాపులో ఒకటి కోయించి ఉంచాడు. అక్కడికి వెళ్తే, దాన్ని ఎత్తడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

"ఇంత మందమా అన్నయ్యా?"

"పది మిల్లీమీటర్లు తమ్ముడూ. గూడ్సు ఎక్కినా వంగదు."

"గూడ్సు ఎందుకు ఎక్కుతుంది?"

ఆయన దాన్ని బిగించేశాడు. మిషను వెనక ఎక్కించి మేమిద్దరం కూర్చున్నాం. వెల్డరు టేపు పట్టి చూశాడు. ప్లేటు మందం, దాన్ని పట్టే ఫ్రేము, బరువుకి కుంగిన స్ప్రింగులు కలిసి నేలకీ బండికీ మధ్య ఖాళీ రెండంగుళాలు తగ్గింది. ఏ బండలు తగలకూడదని ప్లేటు వేశామో వాటికే ఇంకా దగ్గరయ్యాం.

అప్పారావన్న దిగి వంగి చాలాసేపు చూశాడు. "అచ్ఛా... రైలింజనుకి బరువుంటేనే పట్టాల మీద పట్టు. జన్మంతా అదే సేసినాను. సెయ్యి దానికే అలవాటు పడిపోనాది" అన్నాడు. మళ్ళీ ఆయనే అయిదు మిల్లీమీటర్ల రేకు ఎంచాడు. మధ్యలో ఫ్రేము లేకుండా నేరుగా ఛాసిస్‌కే బిగించి, బోల్టు తలలు ప్లేటులోకి దించి, నూనె మార్చడానికి కన్నం వదిలించాడు. కూలితో కలిపి పద్నాలుగువందలు. చివర ప్రతి బోల్టునీ సుత్తితో తట్టి, చెవి దగ్గరపెట్టి బిగిసిందో లేదో విన్నాడు.

ఒంటిగంటన్నరకి బయలుదేరి రెండున్నరకి కోటా చేరాం. టీ తాగి మట్టిదారి పట్టాం. అది పద్నాలుగు కిలోమీటర్లే కాని గంట పైన పట్టింది. కోటా దాటాక మొబైల్‌కి సిగ్నల్ ఉండదు. నాలా దగ్గర దిగి ముందు నడిచి చూసి, ఫస్టు గేర్‌లో నీళ్ళలోకి దించాను. మధ్యలో కింద నుంచి పెద్ద గీరుడు శబ్దం వచ్చింది. నా కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

"ఆపకు తమ్ముడూ! పోనీ, పోనీ!"

పోనిచ్చాను. అవతలి ఒడ్డున ఆయన ఇసుకలో పడుకుని కిందకి దూరాడు.

"సుక్క నూనె లేదు. వచ్చి సూడు."

ప్లేటు మీద వేలెడు వెడల్పు గీత పడింది. మూత మీద చిన్న సొట్ట, అంతే. ఇంత వయసులో ఒక గీతని చూసి గర్వపడతానని అనుకోలేదు.

పల్లెలో జీపు చప్పుడు విని సుక్‌బాయి వచ్చింది. సత్యవతి శిష్యుల్లో పెద్దది. నా పక్క సీటు కేసి చూసింది.

"దీదీ ఏదీ?"

"కిందటి ఏప్రిల్లో పోయింది" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పారావన్న తల తిప్పుకున్నాడు. ఆమె కొంగు దించి, పని సంగతి చెప్పింది. "బడిపిల్లల చొక్కాల పని మాకొచ్చింది. ఒక్క మిషనుతో ఎలా చేస్తారు, కోటాలో దర్జీలకి ఇచ్చేస్తానన్నాడు బడి మాస్టారు. ఈ నెలాఖరు దాకా ఆగమన్నాం. దీదీ మాటిచ్చింది, తెస్తుంది అన్నాం."

నెలాఖరుకి ఇంకా ఆరు రోజులున్నాయి. నలుగురు పట్టి మిషను దించారు. దారిలో బెల్టు వదులైంది. సుక్‌బాయి ఎవరినీ అడగకుండా దాన్ని సరిచేసి, నూనె వేసి, దారం ఎక్కించి, పాతగుడ్డ మీద కుట్టి చూసింది. కుట్టు తిన్నగా నడిచింది. 

ఆ రోజు గురించి తరచూ ఆలోచిస్తుంటాను. రెండువేలు ముందే పెట్టి ఉంటే మిషను సత్యవతి చేతుల మీదుగానే వెళ్ళేది. ఆ తప్పు నాది, దిద్దుకునే వీలు లేదు. అయినా ఆరుగురు ఆడవాళ్ళు ఆమె మాట మీద నమ్మకంతో వచ్చిన పనిని పట్టుకుని కూర్చున్నారు. అది సత్యవతి సంపాదించుకున్నది. నేను మోసుకెళ్ళింది మిషను మాత్రమే.

ఒక్క సూచన. పాత జీపు కొన్న వారంలోనే దాని కిందికి దూరి డిఫరెన్షియల్ మూత చూడండి. పల్చటి రేకయితే ప్రయాణం అనుకోకముందే మార్చేయండి. పూట పనే.