చింతతోపులో నాలుగో మనిషి

నిన్న మా అద్దె ఇంట్లో పాత చెక్క తలుపు కిర్రుమంది. ఏమిటని ఆలోచించేలోపే పాపను చంకనేసుకుని వాకిట్లోకి వచ్చేశాను.

నాకు ఏడేళ్లప్పుడు మారికుప్పంలో ఉండేవాళ్లం. నాన్న బంగారు గనిలో, నేల కింద, పైనున్న రాయి కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. దుంగ కిర్రుమంటే ఇక పరుగెత్తాల్సిందేనని ఇంట్లో చెబుతుండేవాడు.

ఒక ఆదివారం నన్నూ అమ్మనూ వందల ఏళ్ల నాటి చింతతోపు చూపించడానికి తీసుకుపోయాడు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ మసక వెలుతురే. ఏనుగంత మానులు, మనిషి దూరేంత తొర్రలు. నాన్న ప్రతి మానునూ వేళ్ల కణుపులతో కొట్టి, చెవి ఆనించి విన్నాకే మమ్మల్ని చెట్టు కిందికి రానిచ్చాడు.

"లోపల ఎవురుండారు నాయనా?"

"ఎవురూ లేరమ్మా. డొల్లగా ఉండాది, అంతే."

సద్ది విప్పుకుని కూర్చున్నాం. గాలి లేదు. అయినా తొర్రలోంచి కిర్రుమని సన్నగా, సాగుతూ ఒక చప్పుడు. నాన్న మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఎండలోకి పరుగెత్తాడు. రొప్పుతూ మమ్మల్ని లెక్కపెట్టి, తొర్రవైపు చూశాడు.

"ఇంగొకడు యాడ?"

"మనం వచ్చిండేదే ముగ్గురం కదా" అంది అమ్మ మెల్లగా.

నాలుగో మనిషి ఆ తొర్రలోనే ఉండిపోయాడని చాలా ఏళ్లు నమ్మాను. ఆ ఆదివారానికి ముందే, గనిలో దుంగ కిర్రుమన్న ఒకరోజు నాన్న జతగాడు పైకి రాలేదని పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

మా ఇంట్లో ఉండేది పాపా నేనూ, ఇద్దరమే. అయినా నిన్న వాకిట్లో నిలబడి, గుమ్మంవైపు చూస్తూ, ఇంకొకరి కోసం ఆగాను.