అమ్మ ఒడిలో మేకపిల్ల

నిన్న పొద్దున పక్కింటామె తడిపిన తునికాకు కట్టను గడపలో విప్పగానే ఆ పచ్చి వగరు వాసన మా ఇంట్లోకి వచ్చింది, దాని వెనకే మా అమ్మ గుర్తొచ్చింది. సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో, ఎనభైలలో, మాది ఒకటే గది. బాపు అశోక్ చౌక్ దగ్గర మరమగ్గాల మీద చద్దర్లు నేసేవాడు, అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది, నేను నాలుగో తరగతితో బడి మానేసి ఆమె పక్కన కూర్చుని ఆకు కత్తిరించేదాన్ని. జొన్నరొట్టెలు చేసి చేతులు కడుక్కున్నది మొదలు దీపాలు పెట్టేదాకా బీడీల చాట అమ్మ ఒడి దిగేది కాదు. జ్వరమొస్తే ఆమె మోకాలికి ఆనుకుని పడుకునేదాన్ని, అంతకుమించి లేదు. అందులో తప్పేమీ లేదు. పిల్లల్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంటే ఇల్లు గడవదని నా బిడ్డలకు నేనూ చెప్పినదాన్నే.

ఎండాకాలం రేకులు కాగి గది పొయ్యిలా ఉండేది, వానలకు సందంతా అద్దకం రంగునీళ్ళు పారేవి, బతుకమ్మ పండుగ వస్తే మలీద ముద్దల బెల్లం వాసన ఇంటింటికీ తిరిగేది, వీటన్నిటి కిందా మగ్గాల చప్పుడు ఆగకుండా నడిచేది. ఆ ఏడు పండుగకు ముందు మా నల్లమేక ఈనింది. పిల్ల తడి కాళ్ళతో లేచి, బోర్లాపడి, మళ్ళీ లేచి, ఒళ్ళు ఆరకముందే తల్లి పొదుగు దొరకబుచ్చుకుంది. మనిషి పిల్లకు ఏడాది పట్టే విద్య అది కడుపులోనే నేర్చుకుని వచ్చినట్టుంది. అప్పుడే నాకు అదంటే గిట్టలేదు.

పండుగ అయిపోయాక దాని చెవిలో చీము పట్టింది. తల ఎడమకు వాలిపోయి, ఎడమకే గుండ్రంగా తిరుగుతూ పడిపోయేది. గాలి సోకిందని వాడలో అన్నారు. బాపు దాన్ని పశువుల దవాఖానాకు తీసుకుపోతే నేనూ వెంట పోయాను. డాక్టరు దాని గిట్టను వెనక్కి మడిచి నేలకు ఆనిస్తే, పిల్ల వెంటనే కాలు సరిచేసుకుంది. ఆయన మరాఠీలో చెప్పినదంతా బాపు ఇంటికొచ్చి అమ్మకు చెప్పాడు.

"కాళ్ళల్ల ఏం లేదట. ఏది పైకి, ఏది కిందికి అని మెదడుకు చెప్పేది లోపలి చెవి అట. అదిప్పుడు తప్పుడు కబురు పంపుతున్నది. దీనికి నేలనే ఒరిగినట్టు అనిపిస్తదట, నిలబడ్డాననుకొనే పడతది."

"మరి బాగైతదా?"

"మందు ఎయ్యాలె. కండ్లతోని చూసుకుంట చూసుకుంట నడక నేర్చుకుంటదట."

అమ్మ చాటను తీసి పక్కన పెట్టింది. నాకెన్నడూ దక్కని ఆ ఒడిలో మేకపిల్లను పడుకోబెట్టి, చెవిలో మందు చుక్కలు వేసి, వంకర మెడను అరచేత్తో ఆనించి పట్టుకుని, "ఇటు సూడు, నా బంగారం" అంది. నన్ను ఆమె పేరు పెట్టే పిలిచేది, అదీ పనికి.

ఒక మధ్యాహ్నం నేనూ మెడ ఎడమకు వాల్చి, గుండ్రంగా తిరిగి, అమ్మ ముందు పడిపోబోయాను. పడేలోపు చేయి దానంతటదే ముందుకొచ్చి నేలకు ఆనింది. చేతులు వెనక్కి కట్టుకుని మళ్ళీ పడ్డాను. ఈసారి మోకాలు వంగింది, తల పైకి లేచింది. పడదామని నేనెంత అనుకున్నా ఒళ్ళు నా మాట వినలేదు.

అమ్మ వేళ్ళు చుట్టడం ఆపలేదు. "నిజంగ పడేటోళ్ళకు అంత ఉపాయముండదే. లే, ఆకు ఎండుతున్నది."

పక్కన బీడీలు చుడుతున్న చిన్నమ్మ నవ్వి, "అక్కా, నీ బిడ్డ చెవుల సుత రెండు చుక్కలెయ్యరాదు" అంది.

మేకపిల్ల మాత్రం గోడకు పక్క రాసుకుంటూ, చూపు అమ్మ మీద నిలిపి, కొద్దికొద్దిగా తిన్నగా నడవసాగింది. ఒక సాయంత్రం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. కళ్ళకు ఆసరా పోగానే పిల్ల ఎక్కడో ధబ్బున పడింది. అమ్మ చీకట్లో తడుముకుంటూ వచ్చింది. ఆమె చేయి నా తల మీద పడింది. "భయపడకు బంగారం, ఈడనే ఉన్న" అని నిమిరింది. నేను ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చున్నాను. అంతలో గోడ మూల నుంచి పిల్ల అరిచింది. నా తల మీద చేయి ఆగింది, ఇంకొకసారి గట్టిగా నిమిరింది, ఆపైన అటు పోయింది.

నూనె పెట్టిన జడకూ మేక వెంట్రుకకూ తేడా ఆ వేళ్ళకు తెలియదా? తెలిసే ఉంటుంది. కానీ ఆ మాట ఎవరినన్నదో అడగడానికి అమ్మ లేదు. మా సందులో ఇప్పుడు మేకలు లేవు, మగ్గాలు సగం మూతబడ్డాయి, కరెంటు పోయినా ఇన్వర్టర్లు చీకటి పడనివ్వవు. నా మనవరాలు అడగకుండానే వచ్చి నా ఒడిలో ఎక్కి కూర్చుంటుంది. దిగమని కసురుతాను, దిగదు. దాన్ని చూసినా నాకు కుళ్ళే.