మోకు మీద కూర్చోబోయినవాణ్ణి

సముద్రం చూడకముందు నాకు తెలిసిన నీళ్ళన్నీ బావిలోవే. మా ఊరు పరగోడులో మా నాయన ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలేవాడు. ఎద్దులు వాలు బాటలో దిగుతూ మోకు, అంటే లావుపాటి తాడు, లాగుతుంటే, తోలేవాడు ఆ మోకు మీదే ఎక్కి కూర్చోవాలి. మనిషి బరువు కూడా తోడైతేనే నీళ్ళు నిండిన తోలు బాన పైకొస్తుంది. మీసం రాకముందే నాకూ ఆ పని అలవాటైంది.

అలాంటివాణ్ణి పందొమ్మిదివందల యాభైల చివర్లో నౌకాదళంలో చేరి, బొంబాయి రేవులో టగ్గు ఎక్కాను. నౌకాదళమని పేరు గొప్పేగాని మా టగ్గుకు ఫిరంగులూ లేవు, డాబూ లేదు. యుద్ధనౌకలకు తాడు కట్టి బయటికి లాగడం, మళ్ళీ తెచ్చి ఒడ్డుకు చేర్చడం, అంతే. ఒళ్ళంతా బొగ్గు మసి. అయినా అంత చిన్నది అంత పెద్దదాన్ని లాక్కుపోతుంటే మురిసిపోయేవాణ్ణి.

బయలుదేరేటప్పుడు నాయన ఒక్క మాటే అన్నాడు. "చేతకాకపోతే వచ్చేయ్‌రా. ఎద్దులుండాయి, బావి ఉండాది."

చేతకానివాడిగా మా ఊరికి దగ్గరి స్టేషనైన చిక్కబళ్ళాపురంలో రైలు దిగకూడదని నా పట్టుదల. మొదటి వారంలోనే ఆ గతి పట్టబోయింది. ఒక పెద్ద నౌక కదలనని మొరాయించింది. తాడు బిగిసి వణుకుతోంది. నా కాళ్ళు నన్నడగలేదు. నేరుగా వెళ్ళి ఆ తాడు మీద కూర్చోబోయాను! మా పనివాళ్ళకు పెద్దయిన సారంగు వెనక నుంచి చొక్కా పట్టుకుని ఈడ్చి పడేశాడు. హిందీలో ఆయన తిట్టిన తిట్లు సగమే అర్థమయ్యాయి, ఆ సగమే చాలు. బిగిసిన తాడు తెగితే మనిషిని నరికేస్తుందట. ఇంకోసారి ఇలా చేస్తే టగ్గు దింపి ఇంటికి పంపిస్తానన్నాడు.

ఆ తర్వాత తాడు బిగిసినప్పుడల్లా టగ్గు అంచున ఉన్న కమ్మీ గట్టిగా పట్టుకుని దూరంగా నిలబడేవాణ్ణి. ఎక్కి కూర్చోమని ఒళ్ళు ఒకటే గోల. వానాకాలం గడిచేసరికి ఆ గోల అణిగింది. ఒకరోజు సారంగు తాడు కట్టే పని నాకే అప్పగించి, తన గ్లాసులో చాయ్ సగం పోసిచ్చాడు. నోటితో మాత్రం ఒక్క మంచి మాట అనలేదు, మహానుభావుడు.

మరుసటి ఏడు సెలవులో ఇంటికెళ్ళాను. నాయన కపిల తోలుతున్నాడు. నన్ను చూసి నవ్వుతూనే మోకు ఎక్కాడు.

"దిగు నాయనా!" అని అరిచి, పంచె పట్టుకుని ఈడ్చేశాను. ఇద్దరమూ బురదలో పడ్డాం. ఎద్దులు బెదిరి వెనక్కి తగ్గాయి, బాన దబ్బున బావిలో పడింది.

"దయ్యమేమైనా పట్టిందేమిరా నీకు?"

తాడు సంగతీ సారంగు సంగతీ చెప్పాను. ఆయన పంచెకంటిన బురద దులుపుకుంటూ లేచాడు.

"పుట్టినప్పట్నుంచి చూసిన మోకును చూసి బయపడతాండావు. ఇంక నువ్వు ఆ సముద్రం పనోడివేరా. ఎద్దుల్ని చూసుకునేకి నేనుండాను, పో."

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. నా సెలవు అయ్యేదాకా ఆయన మోకు ఎక్కలేదు. పక్కనే నడుస్తూ, మోకును చేత్తో అదిమిపెట్టి నీళ్ళు తోడాడు.