మూడో దినం పాల చెంబు

మా నాయన ప్రార్థనలు నడిపే ఉపదేశి. గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లెలో తాటాకు కొట్టమే ప్రార్థన మందిరం. ఈస్టరుకు ముందురోజు అక్కడ ఏటా ఆయనది ఒకే ప్రసంగం.

"మూడో దినాన లేస్తానని ఏసయ్య చెప్పిన మాట శిష్యులకు గుర్తు లేదు. తలుపులేసుకొని ఏడస్తా కూచున్నారు. చంపించినోళ్లకు మాత్రం బాగా గుర్తుండాది. అధికారి కాడికి పోయి సమాధికి కావలి పెట్టించినారు. సిగ్గులేదా ఆ శిష్యులకు?" అని వాళ్లను ఏకిపారేసేవాడు. నాకైతే ఆ శిష్యులను చూస్తే జాలేసేది.

మాకూ ఒక విరోధి ఉన్నాడు. మా పెదనాయనే. తమ్ముడు మతం మారినప్పటినుంచి ఆయన మా గడప తొక్కలేదు. మేం మందిరానికి పోతుంటే, వల బాగుచేసుకుంటూ, "చచ్చినోళ్లను లేపేవాళ్లు పోతా ఉండారు, దారి ఇడవండిరా" అని నలుగురిలో ఎగతాళి చేసేవాడు. నాయన పళ్లు కొరుక్కుంటూ నడిచేవాడు.

అరవైలు మొదలైన కొత్తలో, వానాకాలంలో కలరా వచ్చింది. గూడూరు ఆసుపత్రికి బండి కట్టేలోపే నా తమ్ముడు పోయాడు. నాలుగేళ్లవాడు. ఎందరి సమాధుల దగ్గరో గుక్క తిప్పుకోకుండా ధైర్యం చెప్పిన నాయన, కొడుకు గుంట దగ్గర నోరు తెరవలేదు. సంఘ పెద్ద ఒకాయన ప్రార్థన ముగించాడు. ఇంటికొచ్చి నాయన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అమ్మ ఆ తలుపుకు ఆనుకొని, "బిడ్డ లేస్తాడా, లేడా? ఒక్క మాట చెప్పయ్యా" అని అడుగుతూనే ఉంది. తలుపు తెరుచుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరందరికీ చెప్పిన మాట ఆ బిడ్డను కన్నతల్లికి చెప్పడానికి ఏం రోగం?

మూడో రోజు పొద్దున పెదనాయన పాల చెంబుతో వచ్చాడు. మావాళ్లలో మూడో దినాన గుంట మీద పాలు పోయడం ఆచారం. అది అజ్ఞానమని నాయన మా సంఘంలో మాన్పించాడు. ఇక గొడవ తప్పదనుకున్నాను.

పెదనాయన వాకిట్లోనే నిలబడ్డాడు. "ఏరా, మూడో దినం గదా. మీ దేవుడు లేచింది మూడో దినమే అంటివే. బిడ్డ కాడికి ఒక్కరన్నా పోలేదేందిరా?"

ఎగతాళి అనుకుందామంటే ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. నాయన తలుపు తీశాడు. చెంబు వైపు చూశాడు. వద్దనలేదు, రమ్మనీ అనలేదు. అమ్మే లేచి చెంబు అందుకుంది.

గుంట దగ్గర తడి ఇసుక అప్పుడే కుంగిపోయి ఉంది. "బావా, నువ్వన్నా చెప్పు. నా బిడ్డ లేస్తాడా?" అంది అమ్మ.

"నాకేం తెలుసమ్మా? లేస్తారని నా తమ్ముడు చెప్పినాడు. వాడు చెప్పిందే నాకు గుర్తుండాది."

అమ్మ పాలు పోసింది. నాయన దూరంగా, సరుగుడు చెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

మరుసటి ఈస్టరుకు నాయన మళ్లీ అదే ప్రసంగం మొదలుపెట్టాడు. శిష్యుల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఈసారి తిట్టలేదు. "వాళ్లకు గుర్తుండే ఉంటది. నమ్మేదానికే భయపడుంటారు" అన్నాడు.

అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకొని లేచి బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత బిడ్డ లేస్తాడా అని ఆమె ఆయనను ఇంకెప్పుడూ అడగలేదు.